రెక్కల పద్యం రాసిన పల్లె కాపరి

119వ కీర్తన చదివేటప్పుడు మన తెలుగు బైబిలులో ప్రతి ఎనిమిది వచనాలకు పైన ఒక కొత్త మాట కనబడుతుంది. ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్... కుటుంబ ప్రార్థనలో పిల్లలు వాటి దగ్గర ఒక్క క్షణం తడబడి, పెద్దల ముఖం చూసి దాటిపోతారు. అవి హెబ్రీ అక్షరాల పేర్లు. ఆ భాషలో 22 అక్షరాలున్నాయి. ఒక్కొక్క అక్షరానికి ఎనిమిది వచనాలు. ఆ ఎనిమిదీ మూలభాషలో అదే అక్షరంతో మొదలవుతాయి. అందుకే ఆ కీర్తనలో 176 వచనాలున్నాయి. విలాపవాక్యముల గ్రంథంలోని మొదటి నాలుగు అధ్యాయాలు కూడా అక్షరాల వరుసలోనే నడుస్తాయి. యెరూషలేము కాలిపోయింది. దేవాలయం కూలిపోయింది. తల్లులు బిడ్డలను పోగొట్టుకున్నారు. అంత దుఃఖంలోనూ ఆ భక్తుడు అక్షరాల వరుస విడిచిపెట్టలేదు. ఏటికి గట్టు వేసినట్టు తన ఏడుపుకూ ఒక గట్టు వేసుకున్నాడు.

మాటలను ఒక రూపంలో అమర్చడం తెలుగువారికి కొత్త కాదు. నేను శ్రీకాకుళం జిల్లాలో హైస్కూలు చదువుతున్న రోజుల్లో మా తెలుగు మాస్టారు ఒకసారి నల్లబల్ల మీద మెలికలు తిరిగిన పామును గీశారు. దాని ఒంటినిండా అక్షరాలు రాశారు. పాము తన ఒంటిని తానే దాటుకొనిపోయిన చోట ఉన్న అక్షరాన్ని రెండుసార్లు చదువుకోవాలి. అలా చదివితేనే పద్యం పూర్తవుతుంది. దాన్ని నాగబంధం అంటారనీ, చక్రబంధం, పద్మబంధం, ఖడ్గబంధం వంటివి కూడా ఉన్నాయనీ ఆయన చెప్పారు. 17వ శతాబ్దంలో గణపవరపు వేంకటకవి ఇలాంటి చిత్రకవిత్వంతో ఒక ప్రబంధాన్నే నింపాడు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అయితే పండితులందరూ మెచ్చుకోలేదు. సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు చిత్రకావ్యాన్ని కావ్యాలన్నిటిలో చివరి తరగతిలో కూర్చోబెట్టాడు. బొమ్మ కుదిరింది సరే, లోపల ప్రాణం ఉందా అన్నది వారి ప్రశ్న.

అది న్యాయమైన ప్రశ్న. మన ఆరాధనలకూ, మన ప్రసంగాలకూ, మన బ్రతుకులకూ వేసుకోవలసిన ప్రశ్న. దానికి తన పద్యాలతోనూ తన జీవితంతోనూ జవాబు చెప్పిన ఒక భక్తుణ్ణి ఈ వారం మీకు పరిచయం చేస్తాను. ఆయన పేరు జార్జి హెర్బర్ట్. ఇంగ్లీషు సాహిత్యం చదివినవారు రెక్కల ఆకారంలో ఉన్న ఆయన పద్యాన్ని పాఠ్యపుస్తకంలో చూసే ఉంటారు. ఆ పద్యం వెనుక ఉన్న మనిషిని చాలామంది చూడలేదు.

తల్లికి చేసిన ప్రమాణం

హెర్బర్ట్ 1593 ఏప్రిల్ 3న వేల్స్ దేశంలోని మాంట్‌గొమరీలో పుట్టాడు. గొప్ప వంశం. తండ్రి రిచర్డ్ హెర్బర్ట్ 1596లో చనిపోయాడు. అప్పటికి జార్జికి మూడేళ్లు. తల్లి మగ్దలీన్ పదిమంది పిల్లలను ఒంటిచేత్తో పెంచింది. ఆమె చదువుకున్న స్త్రీ, ప్రార్థనాపరురాలు. కవిగా, దైవజనుడిగా పేరు పొందిన జాన్ డన్ ఆ కుటుంబానికి స్నేహితుడు. అన్న ఎడ్వర్డ్ తరువాత తత్వవేత్తగా పేరు తెచ్చుకున్నాడు. దైవ ప్రత్యక్షత లేకుండా బుద్ధితోనే దేవుణ్ణి తెలుసుకోవచ్చునన్న వాదానికి ఆయన దారి వేశాడు. ఒకే తల్లి ఒడిలో పెరిగిన ఇద్దరు అన్నదమ్ములు ఎంత వేరు దారుల్లో నడిచారో చూడండి.

జార్జి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో చదివి, 1609లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరాడు. మరుసటి ఏడు, 1610 కొత్త సంవత్సరానికి తల్లికి ఒక ఉత్తరం రాశాడు. రెండు పద్యాలు కూడా జతచేశాడు. ఆ కాలపు కవులందరూ తమ నేర్పును స్త్రీల సౌందర్యం మీదే ఖర్చు చేస్తున్నారని బాధపడుతూ, తన కవిత్వశక్తి ఎంత చిన్నదైనా అది దేవునికే అని అందులో ప్రమాణం చేశాడు. అప్పటికి ఆయనకు ఇంకా 17 ఏళ్లు నిండలేదు.

ప్రమాణం చేయడం తేలిక. దాన్ని నిలబెట్టుకోవడానికి ఆయనకు ఇరవై ఏళ్లు పట్టింది.

రాజకొలువు ఆశ

హెర్బర్ట్ మహా తెలివైనవాడు. గ్రీకు, లాటిను భాషల్లో దిట్ట. వీణ వంటి తంత్రీవాద్యాలు వాయించేవాడు. 1618లో కేంబ్రిడ్జిలో అలంకారశాస్త్ర బోధకుడయ్యాడు. 1620లో ఆ విశ్వవిద్యాలయానికి అధికార వక్తగా ఎన్నికయ్యాడు. రాజుకూ ప్రభువులకూ విశ్వవిద్యాలయం తరఫున లాటినులో ఉత్తరాలు రాయడం, వారు వచ్చినప్పుడు స్వాగత ప్రసంగాలు చేయడం ఆ ఉద్యోగం. అంతకుముందు ఆ పదవి చేసిన రాబర్ట్ నాంటన్ రాజ్య కార్యదర్శి స్థాయికి ఎదిగాడు. హెర్బర్ట్ కళ్లు కూడా ఆ మెట్ల వైపే తిరిగాయి. తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1625లో తాను పద్యాలుగా మార్చిన కొన్ని కీర్తనలను ఈ యువకుడికే అంకితమిచ్చాడు. 1624లో మాంట్‌గొమరీ నుంచి పార్లమెంటుకు కూడా వెళ్లాడు.

వేదాంతం చదవాలి, దేవుని సేవలో దిగాలి అని ఒక మనసు. రాజు దగ్గర నిలబడాలి అని ఇంకొక మనసు. రెండు పడవల మీద కాళ్లు. ఈ లోపు ఆరోగ్యం పాడైంది. తరచూ జ్వరం పట్టుకునేది. 1624, 1625 సంవత్సరాలలో ఆయనను పైకి తీసుకురాగల ఇద్దరు ప్రభువులు ఒకరి తరువాత ఒకరు చనిపోయారు. 1625 మార్చిలో జేమ్స్ రాజు కూడా కన్నుమూశాడు. 1627లో తల్లి పోయింది. ఆమె జ్ఞాపకార్థ కూడికలో జాన్ డన్ ప్రసంగించాడు. కొడుకు లాటిను, గ్రీకు భాషల్లో పద్యాలు రాసి ఏడ్చాడు. 1628లో కేంబ్రిడ్జి పదవిని విడిచిపెట్టాడు.

ఆ రోజుల బాధ ఆయన పద్యాల్లో దాపరికం లేకుండా కనబడుతుంది. ఒక పద్యంలో తాను చెట్టునైనా బాగుండేది అంటాడు. చెట్టయితే పండో నీడో ఇచ్చేవాడిని, కనీసం ఒక పిట్ట గూడు కట్టుకునేది అని ఆయన బాధ. ముప్పై దాటి, ఉద్యోగం లేక, ఒంట్లో బలం లేక, ఎందుకూ పనికిరానివాణ్ణి అయ్యాననుకునే మనిషి ఎలా మాట్లాడతాడో అది అచ్చంగా అలాగే ఉంటుంది. ఇంకొక పద్యంలో బల్ల మీద గుద్ది, ఇక ఈ కట్టుబాట్లు చాలు, వెళ్లిపోతాను అని కేకలు వేస్తాడు. పంక్తులు కూడా తాడు తెంచుకున్న దూడల్లా పొట్టీ పొడుగూ అయి పరుగెడతాయి. చివరికి ఎవరో తండ్రి బిడ్డను పిలిచినట్టు పిలిచిన శబ్దం వినబడుతుంది. అంతే, కోపం చల్లారిపోతుంది. గలగలలాడిన మనిషి ఒక్క మాటతో లోబడతాడు.

బెమర్టన్ పల్లె

అప్పటికే ఆయన డీకన్‌గా అభిషేకం పొందాడు. 1626లో లైటన్ బ్రామ్స్‌వోల్డ్ అనే ఊరి ఆలయం బాధ్యత ఆయనకు వచ్చింది. ఆ గుడి ఏళ్ల తరబడి ఆరాధన జరగకుండా పాడుపడి ఉంది. హెర్బర్ట్ బంధువుల దగ్గరా స్నేహితుల దగ్గరా చందాలు పోగుచేసి దాన్ని బాగుచేయించాడు. ప్రసంగ వేదికనూ, ప్రార్థనలు చదివే వేదికనూ ఒకే ఎత్తున కట్టించాడు. ప్రార్థన ప్రసంగం కంటే తక్కువ కాదు, ప్రసంగం ప్రార్థన కంటే తక్కువ కాదు అని చెప్పడమే దాని భావం. ప్రసంగికుల పేర్లు పెద్దక్షరాలలో వేసి, ప్రార్థన కూడికలకు పదిమంది కూడా రాని మన రోజుల్లో ఈ రెండు వేదికల సంగతి గుర్తుపెట్టుకోదగింది.

1629లో హెర్బర్ట్ జేన్ డాన్వర్స్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1630లో సాల్స్‌బరీ పట్టణానికి దగ్గరగా ఉన్న బెమర్టన్ అనే చిన్న పల్లెకు కాపరిగా వెళ్లాడు. ఆ గుడి చాలా చిన్నది. రోడ్డుకు ఇటు గుడి, అటు పాస్టరు ఇల్లు. రెండూ మరమ్మతుకు వచ్చినవే. రాజుకు స్వాగతం పలికిన నోరు ఇక రైతులకూ కూలీలకూ వాక్యం చెప్పాలి. 1670లో ఆయన జీవితచరిత్ర రాసిన ఐజాక్ వాల్టన్ ఒక సంఘటన చెబుతాడు. బాధ్యత స్వీకరించిన రోజు ఆచారం ప్రకారం కాపరి ఒక్కడే గుడిలోకి వెళ్లి, తలుపు వేసుకొని గంట కొట్టాలి. హెర్బర్ట్ లోపలికి వెళ్లి ఎంతకీ బయటికి రాలేదు. స్నేహితుడొకడు కిటికీలోంచి తొంగిచూస్తే ఆయన బల్ల ముందు నేల మీద సాష్టాంగపడి ఉన్నాడట.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. సెమినరీ చదువు ముగించుకొని వచ్చిన కొత్తలో నన్ను విజయనగరం జిల్లాలో ఒక చిన్న పల్లె సంఘానికి పంపారు. పెంకుల కప్పు, నాలుగు బెంచీలు, వాన వస్తే మూల మూలనా గిన్నెలు పెట్టుకోవాలి. గ్రీకు, హెబ్రీ నేర్చుకున్నవాణ్ణి ఇక్కడెందుకు అని లోలోపల సణుక్కున్నాను. నాతో చదివినవారు పట్టణ సంఘాల్లో ఉన్నారు. ఒకనాడు ఒక ముసలమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. ఏదో చెప్పబోయి ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది. నాకు ఆదివారం ప్రసంగం తయారు చేసుకునే తొందర. ప్రార్థన చేసి పంపేశాను. కొన్నాళ్లకు కొడుకు పనుల కోసం చెన్నై వెళ్తుంటే ఆమె కూడా వెళ్లిపోయింది. ఆమె చెప్పదలచుకున్నది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ తరువాతే, పరీక్ష కోసం ఎప్పుడో చదివిన హెర్బర్ట్ జీవితాన్ని మళ్లీ తీసి చదివాను. బెమర్టన్‌కు వచ్చిన తొలి రోజుల్లో ఆయన దగ్గరికి కూడా ఒక పేద ముసలమ్మ వచ్చిందని వాల్టన్ రాశాడు. భయంతో ఆమెకు నోట మాట రాలేదు. హెర్బర్ట్ ఆమె చేయి పట్టుకొని ధైర్యం చెప్పి, ఆమె కష్టమంతా ఓపికగా విని, డబ్బిచ్చి పంపాడు. సంగతి విన్న భార్య జేన్ రెండు దుప్పట్లు కొని పంపించింది. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. గొప్ప కవి అయినందుకు కాదు, ఆ ముసలమ్మ మాట విన్నందుకు ఆయన ఆ రోజు నాకు గురువయ్యాడు.

ఇంకొక సంగతి. హెర్బర్ట్‌కు సంగీతమంటే ప్రాణం. వారానికి రెండుసార్లు సాల్స్‌బరీ పెద్ద ఆలయానికి నడిచి వెళ్లి ఆరాధనలో పాల్గొని, తరువాత మిత్రులతో కలిసి వాయిద్యాలు వాయించేవాడు. ఒకరోజు దారిలో ఒక పేదవాడి గుర్రం బరువుతో కూలబడి ఉంది. హెర్బర్ట్ పై అంగీ తీసి, బరువు దింపి, గుర్రాన్ని లేపి, మళ్లీ బరువు ఎక్కించడానికి చేయి వేశాడు. ఎప్పుడూ శుభ్రంగా ఉండే మనిషి ఆ రోజు మట్టి కొట్టుకొని మిత్రుల ముందుకు వచ్చాడు. అలాంటి పని చేయడం హోదాకు తగదని ఒకరు అన్నారు. చేసిన పని తలపుకు వస్తే అర్ధరాత్రి తనకది సంగీతంలా ఉంటుందని ఆయన జవాబిచ్చాడట.

పల్లె కాపరి ఎలా ఉండాలో ఆయన ఒక పుస్తకం రాశాడు. అది ఆయన పోయిన తరువాత 1652లో అచ్చయింది. కాపరికి దుక్కి, పశువుల సంగతి తెలిసి ఉండాలంటాడు. ఆ సంగతులతోనే వాక్యం చెబితే జనానికి ఎక్కుతుందంటాడు. ప్రసంగం గంట దాటకూడదంటాడు. ఎంత పేద గుడిసె అయినా, తల వంచి పాక్కుంటూ వెళ్లవలసి వచ్చినా, లోపల ఎంత దుర్వాసన ఉన్నా కాపరి వెళ్లాలంటాడు. దేవుడు అక్కడ కూడా ఉన్నాడన్నది ఆయన చెప్పిన కారణం. ఎవరి గుమ్మం తొక్కాలో, ఎవరి గుమ్మం తొక్కకూడదో లెక్కలు వేసుకునే మన దేశంలో ఆ మాట ఇంకా పదునుగా తగులుతుంది.

బలిపీఠం, రెక్కలు

ఇప్పుడు ఆ పద్యాల దగ్గరికి వద్దాం. మాటలతో బొమ్మ కట్టే పద్ధతిని హెర్బర్ట్ కనిపెట్టలేదు. క్రీస్తుకు సుమారు 300 ఏళ్ల ముందే సిమ్మియాసు అనే గ్రీకు కవి రెక్కలు, గొడ్డలి, గుడ్డు ఆకారాల్లో పద్యాలు రాశాడు. మన బంధకవిత్వానికీ దీనికీ తేడా ఉంది. మన కవి మామూలు పద్యం రాసి దాని అక్షరాలను బొమ్మలోని గళ్లలో ఇముడుస్తాడు. హెర్బర్ట్ పద్ధతిలో పంక్తుల పొడవే బొమ్మ అవుతుంది. పంక్తి పొడవైతే బొమ్మ వెడల్పు, పంక్తి పొట్టిదైతే బొమ్మ సన్నం.

ఆయన పద్యాల సంపుటిలో ముఖ్యభాగం ‘బలిపీఠం’ అనే పద్యంతో మొదలవుతుంది. 16 పంక్తులు. పైన రెండు పొడవైనవి, వాటి కింద రెండు కొంచెం పొట్టివి, నడుమ ఎనిమిది బాగా పొట్టివి, మళ్లీ రెండు కొంచెం పెద్దవి, అడుగున రెండు పొడవైనవి. పుట మీద చూస్తే పీఠం, స్తంభం, పైబల్ల కనబడతాయి. అయితే ఆ బలిపీఠం దేనితో కట్టింది? విరిగిన గుండెతో. బలిపీఠపు రాళ్లకు పనిముట్టు తగలకూడదని దేవుడు మోషేకు ఆజ్ఞాపించాడు (నిర్గమ 20:25). విరిగి నలిగిన హృదయాన్ని దేవుడు అలక్ష్యం చేయడని దావీదు నేర్చుకున్నాడు (కీర్తన 51:17). ఈ రెండింటినీ కలిపి, గుండె రాయి లాంటిదే గాని దాన్ని చెక్కగల చేయి దేవునిది ఒక్కటే అంటాడు హెర్బర్ట్. మనుషులు మౌనంగా ఉన్నా రాళ్లు కేకలు వేస్తాయన్న ప్రభువు మాట కూడా (లూకా 19:40) ఆయన మనసులో ఉంది. తాను నోరు మూసినా, తన విరిగిన ముక్కలు స్తుతి ఆపకూడదని కోరుకున్నాడు.

రెండవది ‘ఈస్టర్ రెక్కలు’. రెండు చరణాలు, ఒక్కొక్క దానిలో పది పంక్తులు. మొదటి పంక్తి పొడవైనది. అక్కడి నుంచి ఒక్కొక్క పంక్తి కుదించుకుపోతూ ఐదు, ఆరు పంక్తుల దగ్గర రెండేసి మాటలే మిగులుతాయి. తరువాత ఒక్కొక్క పంక్తి పెరుగుతూ పదవ పంక్తి మళ్లీ మొదటిదంత అవుతుంది. నిలబెట్టి చూస్తే బుడబుక్కలవాడి చేతిలోని డమరుకంలా నడుము సన్నంగా ఉంటుంది. 1633లో అచ్చయిన పుస్తకంలో దాన్ని అడ్డంగా వేశారు. పుస్తకాన్ని తిప్పి చూస్తే ఎదురెదురు పుటల మీద రెండు జతల రెక్కలు విచ్చుకుంటాయి.

మొదటి చరణం ఆదాము కథ. దేవుడు సమృద్ధిలో చేసిన మనిషి తన బుద్ధిహీనతతో ఒక్కొక్కటీ పోగొట్టుకొని నిరుపేద అయ్యాడు. ఆ నిరుపేదతనం చెప్పేచోట పంక్తి కూడా నిరుపేద అయిపోతుంది. అంతలో ప్రభువు తోడు దొరుకుతుంది. తెల్లవారుజామున పాడుతూ నింగికెగిరే పిట్టలా మనిషి లేస్తాడు. పంక్తి పెరుగుతుంది. రెండవ చరణం హెర్బర్ట్ సొంత కథ. చిన్నప్పటి నుంచి దుఃఖం, రోగం. చిక్కి చిక్కి సన్నబడిన చోట పంక్తి కూడా సన్నబడుతుంది. అక్కడ మళ్లీ ప్రభువే. డేగలను పెంచేవారు విరిగిన రెక్కకు వేరే ఈకను అతికించి మళ్లీ ఎగిరేలా చేసేవారు. తన రెక్కను ప్రభువు రెక్కకు అలా అతికించమని వేడుకుంటాడు. అలా చేస్తే తనకు కలిగిన శ్రమే తనను ఇంకా పైకి లేపుతుందంటాడు.

ఇప్పుడు చూడండి, ఇది కేవలం బొమ్మ కాదు. క్షయతో రోజు రోజుకూ సన్నబడుతున్న మనిషి తన దేహాన్నే పద్యంగా మలిచాడు. సన్నబడిన చోటే క్రీస్తు కలిశాడు. ఆ కలయిక దగ్గరే రెక్క మలుపు తిరిగింది. ఆకారం తీసేస్తే ఆ సాక్ష్యంలో సగం పోతుంది.

ఇంకొక చిన్న పద్యం ఉంది. కొలస్సయులకు రాసిన పత్రిక 3:3 దానికి ఆధారం. మన జీవం క్రీస్తుతో కూడా దేవునిలో దాచబడి ఉందని పౌలు అక్కడ చెబుతాడు. హెర్బర్ట్ పది పంక్తుల పద్యం రాసి, పంక్తికి ఒక మాట చొప్పున ఏటవాలుగా దిగుతూ ఆ సత్యాన్ని అందులో దాచాడు. పైపైన చదివేవాడికి అది కనబడదు. విశ్వాసి జీవితం కూడా అంతే. పొలానికి వెళ్తాడు, బస్సెక్కుతాడు, ఆఫీసులో సంతకం చేస్తాడు. లోపల ఇంకొక వాక్యం ఏటవాలుగా నడుస్తూ ఉంటుంది.

కాల్చేయమన్న పుస్తకం

బెమర్టన్‌లో హెర్బర్ట్ మూడేళ్లు కూడా పూర్తిగా లేడు. 1633 మార్చి 1న, నలభై ఏళ్లు నిండడానికి నెల రోజుల ముందు చనిపోయాడు. ఆఖరి ఆదివారం మంచం మీద నుంచి లేచి, వాద్యం తెప్పించుకొని, మీటుతూ పాడాడని వాల్టన్ రాశాడు. ఆ చిన్న గుడిలోనే ఆయనను సమాధి చేశారు.

చనిపోయే ముందు తన పద్యాల చేతిరాత ప్రతిని ఒక స్నేహితుడి చేత నికొలస్ ఫెర్రర్ అనే భక్తుడికి పంపాడు. తన చిత్తాన్ని యేసుకు లోబరచే వరకు దేవునికీ తన ఆత్మకూ మధ్య జరిగిన పోరాటాల చిత్రం అందులో ఉందని చెప్పి పంపాడు. కృంగిపోయిన ఒక్క ఆత్మకైనా మేలు కలుగుతుందనిపిస్తే అచ్చువేయమన్నాడు. లేకపోతే కాల్చేయమన్నాడు. ఫెర్రర్ కాల్చలేదు. ఆ సంవత్సరమే కేంబ్రిడ్జిలో ‘ది టెంపుల్’ అనే పేరుతో, అంటే ‘దేవాలయం’ అనే పేరుతో ఆ పుస్తకం వెలువడింది. 1670 నాటికి 20 వేలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయని వాల్టన్ చెప్పాడు.

ఎగతాళి చేసినవారూ లేకపోలేదు. 1682లో డ్రైడెన్, 1711లో అడిసన్ ఇలాంటి ఆకార పద్యాలను పిల్లచేష్టలుగా కొట్టిపారేశారు. మన మమ్మటుడి మాటే వారి మాట. కానీ హెర్బర్ట్ అడిగింది పండితుల మెప్పు కాదు, కృంగిన ఆత్మ ఒక్కటి. అలాంటివారు ఆ పుస్తకాన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఓల్నీ కీర్తనలు రాసిన విలియం కౌపర్ యువకుడిగా మనోవ్యాధిలో కూరుకుపోయినప్పుడు హెర్బర్ట్ పద్యాలలోనే కాస్త ఊరట పొందాడు. జాన్ వెస్లీ వాటిలో అనేకం పాటలుగా మార్చి తన సంఘాలకు ఇచ్చాడు. 1938లో సిమోన్ వేల్ అనే ఫ్రెంచి యువతికి ఆయన చివరి పద్యం పరిచయమైంది. తీవ్రమైన తలనొప్పి వచ్చినప్పుడు దాన్ని కంఠస్థంగా చెప్పుకునేది. అలా చెప్పుకుంటుండగా క్రీస్తే వచ్చి తనను పట్టుకున్నాడని ఆమె తరువాత సాక్ష్యమిచ్చింది. ఆ చివరి పద్యంలో ప్రేమ అనే గృహస్థుడు ఒక అతిథిని భోజనానికి పిలుస్తాడు. నేను తగను అని అతిథి వెనక్కి జరుగుతాడు. గృహస్థుడు చేయి పట్టుకొని కూర్చోబెడతాడు. విరిగిన బలిపీఠంతో మొదలైన భాగం ప్రభువు బల్ల దగ్గర ముగుస్తుంది.

ఇది దూరదేశపు కథ అనుకోకండి. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, మన తీరాన సువార్త ప్రకటించిన పురుషోత్తమ చౌదరి (1803-1890) కూడా పండితుడే. ఆయనకు ఛందస్సు తెలుసు, రాగం తెలుసు. ఆ విద్యనంతా ప్రభువు పాదాల దగ్గర పెట్టి, కూలి చేసుకునే తల్లులు కూడా పాడుకోగల కీర్తనలు రాశాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఆయన పేరు చూడని ఆదివారం మనకు తక్కువ. విద్య ఎంత ఉంది అన్నది కాదు, అది ఎవరి బల్ల మీద పెట్టాం అన్నదే లెక్క.

ప్రియ పాఠకులారా, ఈస్టర్ తెల్లవారుజామున మనం సమాధుల తోటకు వెళ్తాం. సున్నం కొట్టిన సమాధుల మీద పూలు చల్లి కొవ్వొత్తులు వెలిగిస్తాం. వాటి మీద రెండేసి సంవత్సరాలు రాసి ఉంటాయి. పుట్టింది ఒకటి, పోయింది ఒకటి. ఆ రెండింటి మధ్య ఎంత కుదింపు ఉందో రాయి చెప్పదు. వలస వెళ్లి తిరిగిరాని కొడుకు, పండని పొలం, దొరకని ఉద్యోగం, పంక్తి పంక్తికీ సన్నబడిన బ్రతుకు. మీలో ఎవరైనా ఇప్పుడు ఆ ఐదవ పంక్తి దగ్గర ఉండవచ్చు. రెండు మాటలే మిగిలి ఉండవచ్చు.

పద్యం అక్కడ ఆగిపోలేదని హెర్బర్ట్ సాక్ష్యం. ఆరవ పంక్తి కూడా ఐదవదంత పొట్టిదే. మార్పు వెంటనే కంటికి కనబడదు. కానీ ఆ పొట్టి పంక్తిలోనే ప్రభువు తోడు ఉంది. ఏడవ పంక్తి కొంచెం పెరుగుతుంది. ఎనిమిదవది ఇంకొంచెం. ఖాళీ సమాధి దగ్గర నిలబడి చూస్తే రెక్కలు విచ్చుకోవడం కనబడుతుంది. ఈ వారం మీ ఇంటి అరుగు మీదికి వచ్చి, చెప్పలేక చెప్పలేక ఏదో చెప్పబోయే మనిషి ఎవరైనా ఉంటే, తొందరపడకుండా కూర్చోబెట్టి వినండి. వారు ఇప్పుడు ఏ పంక్తిలో ఉన్నారో మనకు తెలియదు.